శివగామి వింటున్నది: తోడి

17 జూలై 2007, మంగళవారం
ఉదయం 6:10. ఈ రోజు తమిళుల ఆడి నెల మొదలు. ఆడిలో ఏ పనీ మొదలుపెట్టకూడదంటారు మా ముత్తియాల్‌పేట జనం. ముప్పైనాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని నేను. ఒకటో తేదీ అంటే నాకు మొదలుపెట్టే తేదీ. మొదలుపెట్టాను.

డైరీ తెలుగులోనే రాస్తాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగేవాళ్లూ లేరు. ఇనప్పెట్టెకన్నా భద్రం.

సంగతి ఇది. మనవరాలు అనుప్రియ కోయంబత్తూరు హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతోంది. మురుంగపాక్కం లోగనాయకి టీచరు దగ్గర పదకొండేళ్లు పాట నేర్చుకుంది. వచ్చే వినాయక చవితి పందిట్లో దాని మొదటి కచేరీ, రెండు గంటలు. మొన్న ఆదివారం బస్సుకు బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ, పాట మానేస్తానని చెప్పింది.

"ఏంది మానేసేది?"

"ఇష్టం లేదు అవ్వా."

"ఇష్టం ఊరికే వస్తాదా? దినమూ వినాల, దినమూ పాడాల. అప్పుడు వస్తాది."

"నువ్వు దినమూ వింటావా?"

"వినకుండానేనా నిన్ను చేర్పించింది?"

అది నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. గుమ్మం దగ్గరే ఒప్పందం కుదిరింది:

— నలభై రోజులు. అది రోజుకు గంట సాధన చేయాలి.
— నేను రోజుకు గంట శాస్త్రీయ సంగీతం వినాలి.
— ఎవరు ఏం చేస్తున్నారో కంప్యూటర్‌లో పేరు కింద రాయాలి.
— నేను ఒక్కరోజు తప్పినా, అబద్ధం రాసినా, అది పాట మానేస్తుంది. ఆ మాట లోగనాయకి టీచరుకు నేనే వెళ్లి చెప్పాలి.

పేరు కింద రాయడం అంటే, మా చాటింగు పెట్టెలో ప్రతివాళ్ల పేరు కిందా ఒక వరుస ఖాళీగా ఉంటుంది. నేను ఇప్పుడేం వింటున్నానో ఇంగ్లీషు అక్షరాల్లో అక్కడ కొడితే, నా జాబితాలో ఉన్న తొమ్మిదిమందీ ఆ నిమిషంలోనే చదువుతారు. వాళ్లలో మా రిటైరయిన హెడ్‌మాస్టరు గారు కూడా ఉన్నారు. ఆయన కోసం కాదు రాసేది. అయినా ఉన్నారు.

రాత్రి 8:00. గంట పూర్తి. కొట్టాను: 'శివగామి వింటున్నది: కల్యాణి. పరమానందం.' హెడ్‌మాస్టరు గారు 'ఆహా' అని జవాబిచ్చారు. అనుప్రియ వరుసలో 'వర్ణం, రెండు కాలాలు' అని ఉంది. పిల్ల దారికొచ్చింది. ముప్పైతొమ్మిది రోజులు మిగిలాయి. సులువు.

18 జూలై, బుధవారం
టైంటేబిల్ వేశాను. సోమవారం, శుక్రవారం తోడి, మంగళవారం కల్యాణి, బుధవారం ఖరహరప్రియ, ఇలా ఆదివారం దాకా. రంగు పెన్సిళ్లతో గీసి కంప్యూటర్ పైన అంటించాను.

మా ఆయన కుప్పుస్వామి గారు కళ్లజోడు పైకెత్తి చదివారు. ప్రజాపనుల శాఖలో ఇంజనీరుగా రిటైరయిన మనిషి. ఏ ప్లాను చూసినా ఎక్కడ కూలుతుందో వెతుకుతారు.

"లీవు ఎప్పుడు శివగామీ?"

"సంగీతానికి లీవు ఉండదు."

"నీకు చెప్పలే. ఆ తోడి పాడే మనిషికి అడుగుతా ఉండా."

ఖరహరప్రియ, యాభైరెండు నిమిషాలు. మిగతా ఎనిమిది నిమిషాలు ఆ అనుభూతిలో ఉన్నట్టు లెక్క వేసుకున్నాను. అనుభూతిలో ఉండగా చిక్కుడుకాయలు తుంచాను.

20 జూలై, శుక్రవారం
ఉదయం 4:30. ఆడి మొదటి శుక్రవారం. వీధి చివర మారియమ్మ గుడి వాళ్లు మా ఎదురు స్తంభానికి రెండు మైకు గొట్టాలు కట్టారు. ఒకటి గుడివైపు, ఒకటి సూటిగా నా దిండువైపు. ఈ ఊళ్లో తాను వింటున్నదేమిటో పదిమందికీ తెలియజేయడానికి కంప్యూటర్ అవసరం ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

ఉదయం 11:00. గుడి దగ్గర అంబలి పోస్తున్నారు. గొట్టాలు ఆగలేదు.

సాయంత్రం 6:30. ఆగలేదు. తోడి పెట్టాను. పాడే ఆయన నోరు తెరవడం ఊహించుకున్నాను తప్ప ఒక్క స్వరమూ వినపడలేదు.

రాత్రి 7:30. 'శివగామి వింటున్నది: తోడి' అని కొట్టాను. ఇది అబద్ధం కాదు. కారణాలు:
1. తోడి నిజంగానే మోగుతోంది. వినపడకపోవడం తోడి తప్పూ కాదు, నా తప్పూ కాదు.
2. వినాలన్న ఉద్దేశం నాకు ఉంది.
3. హెడ్‌మాస్టరు గారు అప్పటికే 'ఈ రోజేమిటి?' అని అడిగారు.

22 జూలై, ఆదివారం
పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్ సీడీలోకి ఎక్కించి ఇమ్మని నిన్న రాత్రి సీడీ అంగడి చంద్రన్‌కు ఇచ్చాను. ఈ రోజు తెచ్చి ఇచ్చాడు.

"పదకొండు పాటలు మీవి అవ్వా. సీడీలో శానా జాగా మిగిలిపోయింది. ఖాళీగా ఇస్తే బాగుండదని నా దగ్గరుండే డప్పు మోత కుత్తు పాటలు నూటపది వేసినా."

"ఎవరడిగినారు నిన్ను?"

"ఎవరూ అడగలే. ఫ్రీనే."

ఈ ఊరి అంగళ్లలో ఖాళీ జాగా ఉంచి ఇవ్వడమంటే మర్యాద తక్కువ. కిలో పంచదారకు పొట్లం నిండకపోతే ఇంకో గుప్పెడు వేస్తారు. వీడు తోడి పక్కన డప్పులు వేశాడు. ఆ నూటపదీ ముట్టుకోను. పదకొండో పాట కాగానే ఆపేస్తాను.

24 జూలై, మంగళవారం
సాయంత్రం 6:30. కల్యాణి. తలుపు వేసుకుని, కళ్లు మూసుకుని విన్నాను.

7:50. కళ్లు తెరిచాను. కల్యాణి ఎప్పుడో అయిపోయింది, పెట్టె వరుస తప్పి ఎక్కడికో దూకింది. మోగుతున్నది చంద్రన్ గారి ముప్పైరెండో నంబరు. డప్పు, నాదస్వరం, మధ్యలో ఎవడో వేసే ఈల. ఆపుదామని లేచాను. మౌసు ఎక్కడుందో వెతికేసరికి పాట సగమయింది. సగంలో ఆపడం ఏ పాటకైనా అవమానమే కాబట్టి చివరిదాకా ఉంచాను.

7:56. ముప్పైరెండు మళ్లీ. ఆ ఈల ఎక్కడ వస్తుందో చూసుకోవడానికి మాత్రమే.

వరుస: 'కల్యాణి. మాటల్లేవు.' మాటల్లేకపోవడం మాత్రం అక్షరాలా నిజం.

అనుప్రియ వరుస: 'వర్ణం, మూడు కాలాలు.' పిల్ల కష్టపడుతోంది.

26 జూలై, గురువారం
ఆలోచించాను. నేను తప్పుతున్నది నా వల్ల కాదు, ఆ గొట్టాల వల్ల. మైకుసెట్టు అళగేశన్ నా దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాడు. పిలిపించాను.

"అళగేశా, రేపు శుక్రవారం తెల్లవారి మంచి సంగీతం వేయి. ఇదిగో తోడి."

"అమ్మవారికి తోడి నచ్చుతాదా టీచరమ్మా?"

"అమ్మవారిని నువ్వెప్పుడైనా అడిగినావా?"

అడగలేదని ఒప్పుకున్నాడు. లెక్కల్లో ఎంత మొద్దయినా నిజాయితీ ఉన్న పిల్లవాడు.

ఇలా చేస్తే వీధి మొత్తం తోడి వింటుంది, వీధిలో ఉన్నాను కాబట్టి నేనూ వింటాను. నియమం దానంతట అదే నెరవేరుతుంది. ఇంత తేలిక ఉపాయం తొమ్మిది రోజులుగా ఎందుకు తట్టలేదో.

27 జూలై, శుక్రవారం
ఉదయం 4:30. తోడి మొదలైంది. వీధి పొడవునా ఒకే గొంతు. గర్వంగా ఉంది.

4:50. ఇంకా ఆలాపనలోనే ఉన్నాడు.

5:10. ఇంకా ఆలాపనే. కుక్కలు మొదలుపెట్టాయి.

5:25. కరగం ఎత్తే ఆడవాళ్లు తలమీద కుండలతో నిలబడ్డారు. అడుగు వేయడానికి తాళం రాదే. ఎదురింటి అమ్మాయమ్మ నడివీధిలోకి వచ్చింది. నాకన్నా ఆరేళ్లు పెద్దది, గొంతు నలభై ఏళ్లు చిన్నది.

"ఎవరింట్లో సావురా అళగేశా? నాకు చెప్పనే లేదే."

"సావు కాదు అవ్వా, టీచరమ్మ వేయమనింది."

వీధి వీధంతా మా కిటికీవైపు తిరిగింది. నేను కిటికీ వెనక వంగి కూర్చున్నాను. ఈ వయసులో వంగడం తేలిక, లేవడమే కష్టం.

5:40. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను, ఎవరూ చదవలేరు కాబట్టి. ఆ డెబ్బై నిమిషాలలో నాకు ఒక్కసారి కూడా 'ఇంకొంచెం పాడితే బాగుండు' అనిపించలేదు. పనిమనిషి కనగం చేత అళగేశన్‌కు కబురు పంపాను: నీ పాటలు నువ్వు వేసుకో.

5:45. డప్పు. వీధి కదిలింది. కుండలు కదిలాయి. నా కుడికాలు కూడా.

వరుస: 'తోడి. వీధి మొత్తం నాతో కలిసి విన్నది.' హెడ్‌మాస్టరు గారు: 'మీ సేవ గొప్పది.'

29 జూలై, ఆదివారం
కోడలు నిర్మల బ్యాంకులో పనిచేస్తుంది. కంప్యూటర్ ముందు నా కష్టం చూసి జాలిపడింది.

"దినమూ ఏం టైపు చేసుకుంటా ఉంటారు అత్తా? నేను టిక్కు పెడతా, దానంతట అదే వేసుకుంటాది."

ఏదో టిక్కు పెట్టింది. నేను కొట్టినవన్నీ అది గుర్తు పెట్టుకుని వారం వారం తిప్పి వేస్తుందనుకుంటాను. మంచి కోడలు. ఇక టైపు చేసే పని లేదు.

సాయంత్రం: ముప్పైరెండు, నలభైఒకటి, ముప్పైరెండు.

30 జూలై, సోమవారం
ముప్పైరెండు. తర్వాత యాభై ఏడు, బాగలేదు. తిరిగి ముప్పైరెండు. హెడ్‌మాస్టరు గారు ఏమీ రాయలేదు. ఒంట్లో బాగలేదేమో.

1 ఆగస్టు, బుధవారం
సాయంత్రం 6:40. అనుప్రియ ఫోను.

"అవ్వా, ఏం వింటా ఉండావు?"

"బుధవారం కదా, ఖరహరప్రియ. లైన్లో ఉండాదే, చూడలేదా?"

"చూసినా. నువ్వు చూసినావా?"

కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చూశాను. నా పేరు కింద ఒక చిన్న సంగీతం గుర్తు. దాని పక్కన: 'చంద్రన్ సూపర్ కుత్తు స్పెషల్ 32.' నేను కొట్టింది కాదు. ఆ పెట్టె తనంతట తాను, ఏది మోగితే అది, ఎప్పటికప్పుడు తొమ్మిదిమందికీ చెబుతోంది. నాలుగు రోజులుగా. నిర్మల పెట్టిన టిక్కు అదే.

"నాలుగు దినాల్లో పద్నాలుగు సార్లు అవ్వా, ముప్పైరెండు. మా రూములో లెక్కపెట్టినాము."

"చంద్రన్ జాగా మిగిలిందని వేసినాడే, దానికి నేనేం చేసేది?"

"వేసింది చంద్రన్. విన్నది?"

మౌసు పట్టుకుని ముప్పైరెండు ఆపేశాను.

"దానికి ముందు నువ్వు రాసిందీ అబద్ధమే కదా?"

"ముందు రెండు దినాలూ నిజం." లెక్క సరిచూసుకుని చెప్పాను, "ఒకటిన్నర."

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నీకే ఇష్టం లేనిదాన్ని నా మీద ఎందుకు పెట్టినావు అవ్వా? పదకొండేళ్లు? ఆటకు పోనియ్యలే, సెలవులకు పోనియ్యలే."

ముప్పైనాలుగేళ్లలో ఏ పిల్ల ఏ ప్రశ్న అడిగినా నల్లబల్ల దగ్గర తడుముకోలేదు. ఈ రోజు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. ఫోను పెట్టేసింది.

జవాబు నాకు తెలుసు. ఇక్కడ రాస్తాను. హెడ్‌మాస్టరు గారు తన మనవరాలిని పాటలో చేర్పించారు. మరుసటి వారం నేను నా మనవరాలిని చేర్పించాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండేది. గంట నుంచి వెతుకుతున్నాను.

4 ఆగస్టు, శనివారం
అనుప్రియ పేరు ఉంది. పేరు కింద ఖాళీ. మూడు రోజులుగా ఖాళీ.

కుత్తు పెట్టాలనిపించలేదు. తోడి అసలే పెట్టాలనిపించలేదు. మా ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు.

"పిల్ల పాట మానేస్తే ఊరు మునగదు శివగామీ."

"మానేస్తే పరవాలే. నాతో మాట మానేసిందే."

ఆయన రేడియో తెచ్చి నా పక్కన పెట్టి, వార్తలు పెట్టి వెళ్లారు. నలభైఆరేళ్ల కాపురంలో ఆయన చేయగలిగిన ఓదార్పు ఇంతే. తీసుకున్నాను.

7 ఆగస్టు, మంగళవారం
నిర్మలను పిలిచి ఆ టిక్కు తీయించాను. ఇకమీదట చేత్తోనే కొడతాను, ఏది వింటే అది. ఒప్పందం పోయింది కాబట్టి ఎవరి కోసమూ కాదు.

ఉదయం 7:15: 'శివగామి వింటున్నది: నిర్మల మిక్సీ. కొబ్బరి చట్నీ.'
ఉదయం 10:00: 'అమ్మాయమ్మ, కోడలిని. మధ్యమ కాలం.'
మధ్యాహ్నం 2:30: 'మా ఆయన గురక. ఆలాపన మాత్రమే.'
సాయంత్రం 6:30: 'కుత్తు 32. అవును.'

రాత్రి 7:00. హెడ్‌మాస్టరు గారి జవాబు వచ్చింది: 'ఆ 32 నాకు పంపగలరా?' కుర్చీలో వెనక్కి వాలాను. పదకొండేళ్లు ఒకరి ముఖం చూసి ఒకరం కచేరీల్లో ముందు వరుసలో కూర్చున్నాం.

10 ఆగస్టు, శుక్రవారం
అనుప్రియ ఫోను. తొమ్మిది రోజుల తర్వాత.

"అమ్మాయమ్మ అవ్వ కోడల్ని తిట్టేది మా రూములో ఎనిమిది మంది చదువుతా ఉండారు. ఈ దినం ఇంకా రాయలేదే?"

"ఈ దినం కోడలు పుట్టింటికి పోయింది."

నవ్వింది. ఇది నాకు నచ్చిన నవ్వు.

"కచేరీ వద్దు అవ్వా. నువ్వే పోయి టీచరుకు చెప్పు. అదే కదా మాట."

"చెప్తా."

12 ఆగస్టు, ఆదివారం
ఉదయం 10:30. మురుంగపాక్కం. ఆటోలో పోతూ మూడు రకాల మాటలు సిద్ధం చేసుకున్నాను. పిల్లకు చదువు భారం. పిల్లకు గొంతు నొప్పి. పిల్లకు గ్రహాలు. లోగనాయకి టీచరు గుమ్మంలో కనపడగానే మూడూ మరిచిపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కుత్తుతో సహా.

ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కోప్పడలేదు.

"పిల్లలు మానేసేది శానా చూసినా టీచరమ్మా. అది నాకు కొత్త కాదు. మిమ్మల్ని ఒకటి అడుగుతా. ఈ పదకొండేళ్లలో ఆ పిల్ల పాడినాక మీరేం చెప్పేవాళ్లు?"

"శానా బాగుందని చెప్పేదాన్ని."

"దినమూనా?"

"దినమూ."

"తప్పు పాడిన దినం కూడానా?"

మజ్జిగ తాగాను.

"వినేవాళ్లుంటే పిల్లకు తెలిసిపోతాది. లేకపోయినా తెలిసిపోతాది. గోడకు ఎన్నాళ్లు పాడేది, చెప్పండి?"

తిరిగి వచ్చేటప్పుడు ఆటో వాడు పాటలు వేశాడు. అవేం పాటలో పట్టించుకోలేదు.

సాయంత్రం అనుప్రియకు ఫోను చేసి, టీచరు అన్న మాటలన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పాను. అంతా విన్నది. తర్వాత, "టీచరు గోడ అనిందా నిన్ను?" అని అడిగింది.

"అనింది."

"సరిగ్గా చెప్పింది."

19 ఆగస్టు, ఆదివారం
ఆడి పోయింది, ఆవణి వచ్చింది. స్తంభం మీది గొట్టాలు విప్పేశారు. మళ్లీ మొదలు. మొదటి రోజు.

ఈసారి షరతులు అనుప్రియవి. నిన్న ఫోను చేసి చెప్పింది:
— కచేరీ లేదు. టైంటేబిల్ లేదు. నలభై రోజులు లేవు.
— ఆదివారం ఆదివారం పది నిమిషాలు, దానికి తోచింది ఫోన్లో పాడుతుంది.
— అవ్వ వినాలి. ఎలా ఉందో వరుసలో రాయాలి. 'శానా బాగుంది' అనే మాట నిషేధం.

సాయంత్రం 6:00. ఫోను వచ్చింది. మా ఆయన రేడియో ఆపారు. నిర్మల మిక్సీ ఆపింది. అవతల హాస్టలు మెట్ల మీద కూర్చుందట. ఎవరో బకెట్టు దించిన చప్పుడు. గొంతు సవరించుకుంది. పాడింది. ఏ రాగమో చెప్పలేదు, నేను అడగలేదు.

6:10. 'ఉంటా' అని పెట్టేసింది. ఎలా ఉందని అడగలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక వరుస కొట్టడానికి పావుగంట పట్టింది.

'శివగామి వింటున్నది: అనుప్రియ. మూడో నిమిషం దాకా బాగుంది. అక్కడ తొందరపడింది.'

6:27. దాని నుంచి జవాబు: 'యాడ? ఏ చోట?'

6:28. 'పైకి పోయినావు కదా, అక్కడ ఊపిరి చాలలేదు. దిగేటప్పుడు పరుగెత్తినావు.'

జాబితాలో మిగతావాళ్లంతా పేర్ల పక్కని పచ్చదీపాలు ఆర్పుకుని పోయారు. 6:51కి దాని పేరు కింద ఖాళీ పోయింది: 'అనుప్రియ పాడుతున్నది: అదే. దిగేచోటు మళ్లీ.'

రాత్రి 8:00. మొదటి రోజు ఫలితం. వినడం: పది నిమిషాలు. అబద్ధాలు: సున్నా.

8:05. సవరణ. ఎనిమిదో నిమిషంలో కళ్లు మూతపడ్డాయి. ఒక అర నిమిషం, ముప్పావు నిమిషం కూడా కావచ్చు. ఆ సంగతి వరుసలో రాయలేదు. కాబట్టి ఇది మొదటి రోజు కాదు. మొదటి రోజు వచ్చే ఆదివారం. మధ్యాహ్నమే నిద్రపోయి లేచి కూర్చుంటాను.